వేరే గ్లాసు

నెలలో మొదటి ఆదివారం మా గుడిలో బల్ల ఉంటుంది. బల్ల అంటే ప్రభువు సంస్కారం. పాస్టరు అయ్యగారు రొట్టె విరిచి ఇస్తారు, తర్వాత ద్రాక్షరసం గిన్నె పట్టుకుని నిలబడతారు. ఒక్కొక్కరం వెళ్ళి ఆ గిన్నెకే నోరు ఆనించి ఒక గుక్క తాగి వస్తాం. వరసగా ఐదు నెలలు నేను లేవలేదు. మూతికి మాస్కు కట్టుకుని చాప మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను. ఆరో నెల వచ్చేసరికి పల్లె మొత్తం ఒక నిర్ణయానికి వచ్చేసింది. హెలెన్‌కి ఎవరితోనో సమాధానం లేదు.

మా దగ్గర ఇది పెద్ద పట్టింపు. ఎవరితోనైనా మాటలు లేకపోతే, మనసులో కసి ఉంటే బల్లకు వెళ్ళకూడదు. ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి సమాధానపడాలి, తర్వాతే గిన్నె. గట్టు దగ్గర తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు శనివారం సాయంత్రానికి గుడి మెట్ల మీద చేతులు కలుపుకోవడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. అందుకని ఎవరైనా లేవకపోతే మా వాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడగరు. ఎవరితో అని అడుగుతారు.

నా జబ్బు సంగతి పల్లెలో తెలియనివాళ్ళు లేరు. నాకు రెండు కిడ్నీలూ పోయాయనీ, మా అక్క పుల్లమ్మ తనది ఒకటి నాకు ఇచ్చిందనీ, రెండేళ్ళ క్రితం గుంటూరులో ఆపరేషను జరిగిందనీ పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. తెలియనిదల్లా మందుల సంగతే. ఆపరేషను అయిపోయింది, గండం గడిచింది, ఇంకా ఈవిడ మూతికి గుడ్డ కట్టుకుని ఈ వేషాలేమిటి అన్నది వాళ్ళ బాధ.

ఆపరేషనుకు ముందు నేను కూలి ముఠాకి మేస్త్రిని. ఇరవైమంది ఆడవాళ్ళని పొద్దున్నే ట్రాక్టరెక్కించి ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలకు తీసుకెళ్ళేదాన్ని, పత్తి తీతకీ మిరపకాయ కోతకీ. రైతుతో మాట్లాడేది నేను, ఎవరు ఏ సాలు పట్టాలో చెప్పేది నేను, చంటిబిడ్డ తల్లిని నీడకు దగ్గర సాలులో పెట్టేది నేను. మా ఆయన పోయి పన్నెండేళ్ళయింది, పిల్లలు లేరు. అయినా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఒకరికి పని ఇచ్చే మనిషినే గానీ ఒకరిని అడిగే మనిషిని కాదని నాకు మహా పొగరు. ఏడాదిన్నర పాటు వారానికి మూడుసార్లు డయాలసిస్ మంచం ఎక్కినా ఆ పొగరు దిగలేదు. కిడ్నీ ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని డాక్టరమ్మ అడిగితే ఎవరూ లేరని చెప్పాను. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే అక్కకి ఈ మాట ఎవరు చేరవేశారో, చీరాలలో బస్సెక్కి గుంటూరొచ్చి, నాకు చెప్పకుండానే రక్తం ఇచ్చి పరీక్షలు చేయించుకుంది. సరిపోయింది. బావ వద్దన్నా వినలేదు. నేను ఇమ్మని ఒక్క మాట అడగలేదు, తనే ఇచ్చేసింది.

ఇక మందులు. డాక్టరమ్మ మంచిది, నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారట. బయటిది ఏది లోపలికొచ్చినా తరిమి కొట్టడం వాళ్ళ పని. అక్క కిడ్నీ అయినా సరే, నా ఒంటికి అది బయటిదే. తోడబుట్టినదని వాళ్ళకు తెలియదు. అందుకని ఆ కాపలావాళ్ళను జోకొట్టడానికి బతికినన్నాళ్ళూ మాత్రలు వేసుకోవాలి. టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్. మొదట్లో నోరు తిరగలేదు గానీ ఇప్పుడు మా ముఠాలో ఆడవాళ్ళ పేర్లలాగా వచ్చేస్తాయి. పొద్దున తొమ్మిదికి, మళ్ళీ రాత్రి తొమ్మిదికి, గంట అటూ ఇటూ కాకూడదు. ఒక్క పూట మానేస్తే ఏమవుతుందని అడిగాను. ఒక్క పూటే అని మొదలుపెట్టినవాళ్ళే కిడ్నీ పోగొట్టుకుని మళ్ళీ నా దగ్గరికొస్తారు అంది. నేను ఒక్క పూట కూడా మానలేదు.

కాపలావాళ్ళు పడుకుంటే దొంగలకు పండగే కదా. పక్కింటివాళ్ళను రెండు రోజులు తుమ్మించి వదిలేసే జలుబు నన్ను ఆసుపత్రిలో పడేస్తుంది. మిరపచేను దుమ్ములోకి వెళ్ళకూడదు, ఎండలో తిరగకూడదు, మట్టిలో చెయ్యి పెట్టకూడదు, కాచని నీళ్ళు తాగకూడదు. దగ్గేవాళ్ళ దగ్గర కూర్చోకూడదు, ఒకరి ఎంగిలి అసలే కూడదు. ఇవన్నీ నేను చేయకూడనివి. మాత్రలు నన్ను చేసినవి వేరే ఉన్నాయి. మొహం ఉబ్బి గుండ్రంగా పూర్ణం బూరెలా తయారైంది. నెత్తిన జుట్టు రాలింది, గడ్డం మీద మాత్రం మొలిచింది. ఎన్నడూ లేని షుగరు వచ్చింది. చేతులు వణుకుతాయి. మిరపకాయ తొడిమ తీయడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించిన ఆడది లేదు, ఇప్పుడు టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళేలోపు సగం చీర మీద పడుతుంది. అద్దం చూడడం మానేశాను.

ఆపరేషనైన కొత్తలో ముఠా ఆడవాళ్ళు రోజూ వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకామె తుమ్ముతూ వచ్చి మంచం మీద కూర్చుంటే, భయమేసి గట్టిగా కేకలేసి అందరినీ బయటికి పంపేశాను. మళ్ళీ రాలేదు. రమ్మని నేనూ అడగలేదు. ఇప్పుడు ముఠాకి మహిమ మేస్త్రి, నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. పొద్దున ఆరింటికి ట్రాక్టరు మా ఇంటి ముందు నుంచే వెళుతుంది. అందులో మాటలూ నవ్వులూ నాకు వినపడతాయి, సరిగ్గా నా గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాయి. అది దాటిపోయాక ఇంట్లో ఇంకేమీ వినపడదు. మాట్లాడే మనిషి లేక టీవీలో వార్తలు చదివే అమ్మాయితో పోట్లాడిన రోజులున్నాయి. ఒంటరితనం చాలా కష్టంగా ఉంటుంది, దాన్ని ఇంకోలా చెప్పడం నాకు రాదు.

మొదటి ఏడాదిన్నర గుడికి కూడా వెళ్ళలేదు. తర్వాత డాక్టరమ్మ సరేనంది, మాస్కు తీయనంటే, గాలి వచ్చే చోట కూర్చుంటానంటే. సంస్కారం సంగతి నేనే అడిగాను. ఎనభై మంది నోళ్ళు ఆనిన గిన్నెలో మీరు తాగడానికి వీల్లేదు, మీ వరకు వేరే గ్లాసులో పోసి ఇమ్మని పాస్టరుగారికి చెప్పండి, తప్పకుండా ఇస్తారు అంది. ఆవిడకు అది చాలా తేలిక మాట. నేను తలూపి వచ్చేశాను.

మా పల్లెలో వేరే గ్లాసు అన్న మాట నోటికి రాదు. మా నాయన కాలంలో ఊళ్ళో టీ కొట్టు దగ్గర మా వాళ్ళ గ్లాసులు వేరు. చూరు కింద తాటాకులో దోపి ఉండేవి. తీసుకుని కడుక్కుని పట్టుకుంటే పైనుంచి పోసేవాళ్ళు, తాగి మళ్ళీ కడిగి అక్కడే దోపి రావాలి. ఆ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. మా సంఘపెద్ద ఇమ్మానియేలు బాబాయి వాళ్ళలో ఒకడు, డెబ్బై ఏడేళ్ళు. బయటి మనిషన్నవాడు మా నోటితో కలిపి నోరు పెట్టింది ఒక్క గుడిలోని గిన్నెకే అంటాడాయన, అప్పట్లో మిషను తెల్లదొర కూడా ఆ గిన్నెలోనే తాగాడని. కరోనా తర్వాత గుళ్ళు తెరిచినప్పుడు మా నతానియేలు అయ్యగారు చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెప్పించారు, తలా ఒకటి. బాబాయి లేచి నిలబడి, మళ్ళీ మా నోళ్ళు వేరయ్యాయా అయ్యగారూ అని అడిగి అందరి ముందూ ఏడ్చాడు. ఆ కప్పుల పెట్టె ఇప్పటికీ విప్పకుండా గుడి వెనక గదిలో ఉంది. ఆ బాబాయి ముందు లేచి, మీరు తాగిన గిన్నెలో నేను తాగలేను, నాకు వేరే గ్లాసు కావాలి అని అడగడానికి నాకు నోరెక్కడిది. అందుకని అడగలేదు. లేవకుండా కూర్చున్నాను. మందుల మాట చెబితే గ్లాసు మాట వస్తుందని మందుల మాటా చెప్పలేదు.

ఐదో నెల గడిచాక బాబాయీ ఇంకో ఇద్దరు పెద్దలూ మా ఇంటికొచ్చారు. వాళ్ళు అరుగు మీద, నేను గడప లోపల స్టూలు మీద. ఎవరితో అమ్మాయ్, చెబితే మేం మాట్లాడతాం కదా అని బాబాయి మెత్తగానే అడిగాడు. మందుల మాట నోటిదాకా వచ్చింది. ఆ వేరే గ్లాసులు పట్టుకున్న ఆయన చేతులు చూసి మింగేశాను. నాకూ దేవుడికీ మధ్య విషయం, మధ్యలో మీకెందుకని అనేశాను. వాళ్ళు ముఖముఖాలు చూసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత ఆరా తీయడం ఎంతసేపు. నాకు మొగుడు లేడు, అత్త లేదు, గట్టు తగాదా పడడానికి సెంటు భూమి లేదు. ఉన్న చుట్టం ఒక్కతే. కిడ్నీ ఇచ్చిన అక్కతోనే దీనికి సమాధానం లేదు అని తేల్చేశారు. ఎంత పొగరున్నదైతే మాత్రం, ఒంట్లో ముక్క కోసి ఇచ్చినదాని మీద కసి పెట్టుకుంటుందా అని వీధి కుళాయి దగ్గర అనుకున్న మాట నా చెవినే పడింది. ఒళ్ళు మండిపోయింది. కానీ బయటికెళ్ళి దులిపేయడానికి కాళ్ళు రాలేదు, ఎందుకంటే వాళ్ళు పూర్తిగా అబద్ధం ఆడడం లేదు.

ఇది నేను ఎవరికీ చెప్పని సంగతి. ఏడాది క్రితం అక్క నన్ను చూడ్డానికి వచ్చింది. వస్తూ జీడిపప్పూ, ఎవరింట్లోనో చెట్టుకు కాసిన పంపరపనస కాయ ఒకటీ తెచ్చింది. చిన్నప్పుడు నాకు ప్రాణం అది. అప్పటికే ఒలిచి, తొనల మీద పొర కూడా తీసి గిన్నెలో పెట్టి నా ముందు ఉంచింది. పంపరపనస నేను తినకూడదు. తింటే మాత్ర ఒంట్లో నిలవ ఉండిపోయి విషం అవుతుంది. ఆ మాట అక్కకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వద్దు, తినకూడదు అంటే సరిపోయేది. నేను గిన్నె తోసేసి, నన్ను చంపుదామనుకున్నావా అన్నాను. చంపేదాన్నైతే కోయించుకుని ఇస్తానా అంది అక్క, నవ్వుతూనే. అప్పుడు నేనన్నాను, నేనడిగానా నిన్ను అని.

అక్క నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, తీయడం మరిచిపోయినట్టు. తర్వాత తొనలన్నీ ఏరి గిన్నెలో వేసుకుని, గిన్నె కడిగి బోర్లించి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. అంతకు ముందు రోజూ పొద్దున తొమ్మిదికి ఫోను చేసేది. వేసుకున్నావా అనేది, వేసుకున్నా అనేదాన్ని, అంతే, పెట్టేసేది. ఆ రోజు నుంచి ఫోను లేదు. వేటపాలెంలో సిగ్నల్ సరిగ్గా ఉండదేమో అని కొన్నాళ్ళు అనుకున్నాను. ఆ తర్వాత చెకప్‌కి వెళ్ళినప్పుడు నర్సును అడిగాను, ఈ మాత్రలకు కోపం కూడా వస్తుందా అని. వస్తుందమ్మా, ప్రెడ్నిసొలోన్‌కి వస్తుంది, విసుగు, కోపం, ఏడుపు, అన్నీ అంది. ఆ మాట దొరికాక నాకు ఎంత హాయిగా అనిపించిందో. మొహం మాత్రదే, గడ్డం మాత్రదే, వణుకు మాత్రదే, ఆ రోజన్న మాటా మాత్రదే. ఏడాది పాటు దాని మీదే తోసేసి కాలం గడిపాను.

పెద్దలు వచ్చి వెళ్ళిన వారానికి మహిమ వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. పుల్లమ్మక్కకి ఫోన్ చేశానని చెప్పింది. నీతో సమాధానం లేకే మీ చెల్లెలు బల్లకు లేవట్లేదంట, నువ్వన్నా వచ్చి కలుపుకో అని చెప్పిందట. మంచి చేశాననే అనుకుంటోంది పిచ్చిపిల్ల. అక్క ఏమందని అడిగితే, ఏం అనలేదు, పెట్టేసింది అంది.

అనరాని మాట అన్నది నేను. ఇప్పుడు కసి పెట్టుకున్నదీ నేనే అని అక్క అనుకుంటుంది. కిడ్నీ తీసుకుని, అడిగానా అని, పైగా సమాధానం లేదని గుళ్ళో అలిగి కూర్చుంది అనుకుంటుంది. ఇంక ఈ జన్మలో ఆ ఫోను రాదు. ఆ రోజు నేనే పదకొండుసార్లు చేశాను. ఎత్తలేదు. ఊరు ఊరంతా వెలేసినా ఓర్చుకోగలను గానీ అక్క లేకుండా ఎలాగన్నది తోచలేదు. మంచం మీద కూర్చుని ఆపరేషను కుట్టు మీద చెయ్యి వేసుకున్నాను. లోపల అది తన పని తను చేసుకుపోతోంది.

ఆరో నెల మొదటి ఆదివారం గుడికి వెళ్ళాలనిపించలేదు. వెళ్ళకపోతే ఇంకో కథ అల్లుతారని వెళ్ళాను. కిటికీ పక్కన నా చోట కూర్చుని తలెత్తేసరికి ఆడవాళ్ళ వైపు ముందు వరసలో అక్క. తెల్లచీర కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని ఉంది. మనిషి చిక్కింది. ఒక పక్కకు ఒరిగి కూర్చుంది, కోసిన వైపు నొక్కుకోకుండా. నా వైపు చూడలేదు. గుడి మొత్తం మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. వాక్యం ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

రొట్టె మీద ప్రార్థన అయ్యింది. రొట్టె ముక్క అయ్యగారే అందరికీ కూర్చున్నచోటికే తెచ్చి చేతిలో పెడతారు, అది మాస్కు కిందనుంచే నోట్లో వేసుకుంటాను, గిన్నె దగ్గరే ఆగిపోతాను. ఈసారి అయ్యగారు గిన్నె చేతిలోకి తీసుకోగానే అక్క లేచి నిలబడింది.

"అయ్యగారూ, తప్పుగా అనుకోబాకండి. నా చెల్లెలు గిన్నె దగ్గరికి రానిది ఎవరి మీదా కోపంతో కాదు. దాని మందులు అట్టాంటియి. ఒకళ్ళ ఎంగిలి తగిలితే దాని ప్రాణానికే ముప్పు. ఆస్పత్రిలో నా ముందే చెప్పారు. వేరే గ్లాసు అడగలేక అట్టా కూర్చుంటంది. దానికి వేరేది వద్దు. ఈ గిన్నెలోనే, అందరికంటే ముందు దానికి పట్టండి."

ముందు తాగేది అయ్యగారు, తర్వాత బాబాయి, తర్వాత మగవాళ్ళు, ఆ తర్వాత మేం. అమ్మమ్మల కాలం నుంచీ అదే వరస. అయ్యగారు బాబాయి వైపు చూశారు. బాబాయి నా వైపు చూశాడు. నాకు తల నేలలో పెట్టుకోవాలనిపించింది.

"గిన్నె అదేగా?" అన్నాడు బాబాయి. "అదే అయితే తాగనీయండి. ముందు తాగితే ఏం, ఎనక తాగితే ఏం." తర్వాత గొంతు తగ్గించి, "మాకో మాట చెప్పుకోలేకపొయ్యావా అమ్మాయ్," అన్నాడు.

అయ్యగారు తెల్లగుడ్డతో గిన్నె అంచు ఇంకోసారి తుడిచారు. నేను లేచి వెళ్ళి మాస్కు కిందికి లాగాను. రెండేళ్ళలో నా మొహం మొత్తం వాళ్ళు చూడడం అదే మొదలు. చేతులు వణుకుతున్నాయని అయ్యగారే గిన్నె పట్టారు. ఒక గుక్క తాగాను. గడ్డం మీద కొంచెం కారింది. ఎంత సంతోషంగా అనిపించిందంటే, వెనక్కి వచ్చి చాప మీద కూలబడి, మాస్కు కట్టుకోవడం కూడా మరిచిపోయి, తర్వాత ఒక్కొక్కరే లేచి వెళుతుంటే అందరినీ చూస్తూ కూర్చున్నాను. బాబాయి తాగాడు. మగవాళ్ళ వరస అయిపోయింది. ఆడవాళ్ళ వైపు లేచారు. మహిమ నా పక్కనుంచి వెళుతూ భుజం తాకి వెళ్ళింది.

అక్క లేవలేదు.

వరస మొత్తం అక్కను దాటి వెళ్ళింది, తిరిగి వచ్చింది. అక్క కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. అయ్యగారు గిన్నె పట్టుకుని ఒక నిమిషం ఆగారు. తర్వాత బల్ల మీద పెట్టి గుడ్డ కప్పేశారు. అప్పుడు అర్థమైంది నాకు, నేనెంత తొందరపడ్డానో. నా మీద పడ్డ మాట తుడిచేయడానికి అక్క అంత దూరం వచ్చింది. నా తరఫున అందరి ముందూ నిలబడింది. కానీ తన మనసులో ఉన్నదాన్ని దాచి గిన్నె దగ్గరికి రాలేకపోయింది. సమాధానపడాల్సిన నేను మాత్రం, ముందు వరసలో కూర్చున్న అక్కను పలకరించకుండా, అందరికంటే ముందు వెళ్ళి తాగొచ్చాను.

ఆరాధన అయ్యాక అక్క ఎవరి ఇంటికీ వెళ్ళలేదు. సంచి చంకన పెట్టుకుని నేరుగా రోడ్డు మీదికి నడిచింది. గొడుగు వేసుకుని వెనకాల నేను. నడుము మీద చెయ్యి పెట్టుకుని నడుస్తోంది అక్క. బస్టాపు దగ్గర సిమెంటు అరుగు మీద ఒక చివర తను కూర్చుంది, రెండో చివర నేను. చుట్టూ మిరపచేలు, కోతలు నడుస్తున్న చేలు, ఆదివారమని మనుషులు లేరు. చీరాల బస్సు ఇంకా రాలేదు. ఎందుకు లేవలేదని అడిగాను.

"నీకు తెలవదా?" అంది.

తెలుసు. అయినా నా నోరు ముందు పాత దారే పట్టింది. ఆ రోజన్న మాట మాత్రల వల్ల వచ్చిందనీ, ప్రెడ్నిసొలోన్‌కి కోపం వస్తుందని నర్సే చెప్పిందనీ మొదలుపెట్టాను. అక్క మధ్యలో ఆపలేదు. మొత్తం విన్నాక, తనకూ తెలుసంది. తనూ ఫ్యాక్టరీలో చదువుకున్న అమ్మాయి చేత ఫోనులో చూపించుకుందట. కోపం వస్తుందని అందులో కూడా ఉందట. అన్నది హెలెన్ కాదు, మాత్ర అని ఏడాదిగా తనకు తనే చెప్పుకుంటోందట. ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా వినపడేది మాత్ర గొంతు కాదట.

ఆ మాటకు ఇంక నాకు అడ్డం పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. మాత్రలు నా ఒంటిని ఒప్పించాయి. లోపలికి వచ్చింది పరాయిది కాదని ఒళ్ళు ఒప్పుకుంది. నేనే ఒప్పుకోలేదు. ఒకరి పెట్టు మీద బతకడం నా వల్ల కాలేదు, అది అక్క పెట్టయినా సరే. అక్క మొహం చూసినప్పుడల్లా నేను తక్కువైపోయినట్టు ఉండేది. పంపరపనస రోజు వచ్చింది ఆ కోపం. అది నాకు ఆ రోజే తెలుసు.

"మాత్ర కాదక్కా," అన్నాను. "నేనే అన్నా."

ఒక లారీ మిరప బస్తాలతో వెళ్ళింది, ఘాటుకి ఇద్దరం తుమ్మాం.

"నువ్వడగలేదు, నిజవే," అంది అక్క అప్పుడు. "నాకు ఏడాదిగా అదే బాధ. నువ్వడిగుంటే, అడిగింది, ఇచ్చా అనుకునేదాన్ని. ఉన్న కిడ్నీ ఒకటే గాబట్టి నడుం లాగుతున్నా నొప్పి మాత్ర ఏసుకోకూడదంట నేను. ఫ్యాక్టరీలో రోజంతా కింద కూర్చోలేకపోతన్నా. మీ బావతో అందామంటే, ఎవరడిగారు నిన్ను ఇయ్యమని అంటాడు. నువ్వూ అదే అన్నావు. మరి నేనెవరికి చెప్పుకోవాలే? నిన్ను ఎట్టా ఉన్నావని అడగడానికి డాక్టర్లున్నారు. నన్ను ఒక్కళ్ళడగలేదు."

రెండేళ్ళలో నేనూ అడగలేదు. నీకు నొప్పి ఉందా అక్కా అని ఒక్కసారి, ఫోనులోనైనా. తను తొమ్మిదికి వేసుకున్నావా అంటే వేసుకున్నా అని పెట్టేసేదాన్ని. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. క్షమించమనడానికి నోరు తెరిచాను గానీ, అది చాలా చిన్న మాటగా తోచింది. దూరంగా బస్సు కనబడుతోంది. అక్క సంచి తీసుకుని లేచింది.

నేనూ లేచాను. నా జీవితంలో ఎవరినీ ఏదీ అడగనిదాన్ని, ఎలా అడగాలో కూడా తెలియదు. మాస్కు తీసేశాను. ఉబ్బిన మొహం, గడ్డం మీద వెంట్రుకలు, అన్నీ పెట్టుకుని అక్క ఎదురుగా నిలబడ్డాను.

"అక్కా, నా కిడ్నీలు రెండూ పొయ్యాయి," అన్నాను. "నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. నీది ఒకటి నాకిస్తావా?"

అక్క అర్థం కానట్టు చూసింది. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు ఎక్కాలమ్మా, త్వరగా అంటున్నాడు. అక్క రాడ్ పట్టుకుని ఒక మెట్టు ఎక్కింది, నడుము పట్టేసిందేమో, అక్కడే ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఇస్తాలేవే," అంది. "అడిగావుగా."

బస్సు పర్చూరు వైపు వెళ్ళిపోయింది. నేను గొడుగు కూడా తెరవకుండా ఆ ఎండలో నిలబడి, గట్టిగా, చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడకుండా ఏడ్చాను.